గరివిడి రాయి, నానో రేణువు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసింది, ఎవరి స్మృతిలో ఇది జరుగుతోందో ఆ మాస్టారి శిష్యులే. ఆయన విజయనగరంలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పారు. క్లాసులో ఎవరు ఏ జవాబు చెప్పినా ఆయన అడిగే రెండో ప్రశ్న ఒక్కటే: "ఎంత?" ఇనుము వేడెక్కుతుంది సార్ అంటే, ఎంత? రాయి పడుతుంది సార్ అంటే, ఎంత సేపట్లో? ఆ ప్రశ్నకు లొంగని జవాబును ఆయన జవాబుగా ఒప్పుకునేవారు కాదు. లోహాల, లోహ ఆక్సైడ్ల నానో రేణువుల అయస్కాంత గుణాన్ని నేను ఎంచుకోవడానికి కారణం ఆ ప్రశ్నే. ఈ రంగంలో "ఏమిటి?" అన్నదానికంటే "ఎంత?" అన్నదే పెద్ద ప్రశ్న.

నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. ఒక పదార్థం అయస్కాంతమా కాదా అని అడిగితే దాని పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. రేణువు ఎంతది, ఎంత వేడిలో ఉంది, ఎంత సేపు కొలిచారు అన్న మూడూ చెప్పాలి. ఈ మూడూ లేని మాట సగం మాటే.

దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. మన విజయనగరం జిల్లా గరివిడిలోనే ఉంది.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలో, 1892లో. తవ్వించింది విజయనగరం మైనింగ్ కంపెనీ. కోడూరు, గర్భాం, దేవాడ, పెరపి, గరివిడి అన్న పేర్లు అలా ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయి. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మోర్ ఈ గనులన్నీ తిరిగి, దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద 1909లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. కోడూరు పేరు మీదనే ఒక శిలకు కోడురైట్ అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో గరివిడి పక్కనే శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ వచ్చింది, ఖనిజం ఫెర్రోమాంగనీసుగా మారింది, ఊళ్లు దాని మీద బతికాయి. ఆ చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది ఆ గనుల్లో దొరికిన ఒక ప్రత్యేకమైన రాయి గురించి.

మామూలు మాంగనీసు రాయికి సూదంటురాయి అంటుకోదు. పైరోలుసైట్ ముక్కను తెచ్చి అయస్కాంతం దగ్గర పెట్టండి, కదలదు. కానీ గరివిడిలోనూ, నాగపూర్ దగ్గర బెల్డోంగ్రిలోనూ ఫెర్మోర్‌కు కంచు ఛాయ ఉన్న ఒక ముదురు బూడిదరంగు ఖనిజం దొరికింది. దానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంది. తన తోటి భూగర్భ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ పేరు మీద 1908లో దానికి వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు.

ఆ రాయిని నున్నగా సానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒక ఖనిజం కాదు, రెండు కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి సన్నని పలకలుగా, ఒక క్రమంలో అల్లుకుని ఉంటాయి. ఒకటి జేకబ్‌సైట్, మాంగనీసూ ఇనుమూ కలిసిన ఆక్సైడ్. రెండోది హౌస్‌మనైట్, ప్రధానంగా మాంగనీసు ఆక్సైడ్. రెండింటి నిర్మాణ సూత్రం ఒకటే: మూడు లోహ పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. గుణం మాత్రం వేరు. జేకబ్‌సైట్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా అయస్కాంతమే. హౌస్‌మనైట్ అయస్కాంతం కావాలంటే దాన్ని 42 కెల్విన్లకు, అంటే సున్నాకు దిగువన 231 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. భూమి లోపల మంచి వేడిలో ఉన్నప్పుడు ఈ రెండూ ఒకే ఘనపదార్థం. చల్లారేకొద్దీ ఒకదానిలో ఒకటి ఇమడలేక పలకలుగా విడిపోయాయి. నెమ్మదిగా చల్లారితే పలకలు మందంగా వస్తాయి, త్వరగా చల్లారితే అతి సన్నగా వస్తాయి. ఈ విధంగా ఒకే రసాయన మిశ్రమం తన చల్లారిన చరిత్రను బట్టి లోపలి అమరికను మార్చుకుంది. ప్రయోగశాలలో నానో పదార్థాలు చేసేవాళ్లు ఇవాళ కష్టపడి సాధించేది ఇదే, పరిమాణాన్నీ అమరికనూ చేతిలో పెట్టుకోవడం.

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. మహదేవన్, జె.ఎస్.ఆర్. కృష్ణారావు గార్లు ఈ ప్రాంతపు మాంగనీసు ఖనిజాల పుట్టుక మీద పనిచేశారు. ఆనాటి వ్యాసాల్లో ఈ గనులు విశాఖపట్నం–శ్రీకాకుళం జిల్లాలవిగా కనబడతాయి. ఎందుకంటే 1950లో శ్రీకాకుళం జిల్లా విడివడింది, ఈ గనులున్న చీపురుపల్లి తాలూకా అందులోకి వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది. పాత నమూనాల చీటీల మీద జిల్లా పేరు చూసి పొరబడవద్దని పరిశోధక విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. జేకబ్‌సైట్, ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్నటైట్ లాంటివి ఎందుకు అయస్కాంతాలు? పరమాణువులన్నీ ఒకే దిక్కు చూస్తాయి గనుక అని బడిలో చెప్పుకుంటాం. ఆక్సైడ్లలో అది నిజం కాదు. 1948లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్ అసలు సంగతి చెప్పాడు. ఈ స్ఫటికాల్లో లోహ అయాన్లకు రెండు రకాల స్థానాలున్నాయి. ఒక రకం స్థానంలోనివి ఒక దిక్కు చూస్తే రెండో రకంవి ఎదురు దిక్కు చూస్తాయి. మాగ్నటైట్‌లో మూడు విలువల ఆవేశమున్న ఇనుప అయాన్లు రెండువైపులా సమానంగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండు విలువల ఆవేశమున్న ఇనుప అయాన్లు మాత్రం మిగిలిపోతాయి. మనం చూసే అయస్కాంత శక్తి ఆ మిగులే. నీల్ దీనికి ఫెర్రీ అయస్కాంతత్వం అని పేరు పెట్టాడు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మిగులును కళింగపట్నం తీరంలో చేత్తో చూడవచ్చు. అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కాగితంలో చుట్టి ఆ చార మీద ఆడించండి. గుత్తులుగా లేచి అంటుకునే గింజలు మాగ్నటైట్. కింద మిగిలిన నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైట్. అదీ ఇనుము ఉన్న ఆక్సైడే, కానీ దాని లోపలి స్పిన్ల, అంటే పరమాణువుల చిన్న అయస్కాంతాల, అమరిక కుదురుకోవాలంటే మైనస్ 200 డిగ్రీల కంటే కిందికి పోవాలి. మన ఎండలో దాన్ని కదిలించాలంటే చాలా బలమైన అయస్కాంతం కావాలి. ఎర్రని గార్నెట్, పసుపుపచ్చని మోనజైట్ కూడా అంతే, బలమైన అయస్కాంత క్షేత్రానికి గానీ లొంగవు. జిర్కాన్, సిల్లిమనైట్ దానికీ లొంగవు. ఇసుక ఖనిజాల కర్మాగారాల్లో వేరు చేసే పద్ధతుల్లో ఒకటి ఈ తేడా మీదనే నడుస్తుంది.

ఇప్పుడు ఆ మాగ్నటైట్ గింజను తీసుకుని చిన్నది చేసుకుంటూ పోదాం. పెద్ద గింజలో అయస్కాంతత్వం అంతా ఒకే దిక్కున ఉండదు, డొమైన్లు అనే గదులుగా విడిపోయి ఉంటుంది. గింజ సుమారు నూరు నానోమీటర్ల దరిదాపుకు వస్తే గదుల మధ్య గోడలు కట్టుకోవడం దానికి గిట్టుబాటు కాదు. అప్పుడు రేణువంతా ఒకే గది. ఇలా జరుగుతుందని ఫ్రెంకెల్, డోర్ఫ్‌మన్ 1930లోనే ఊహించారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. పది నానోమీటర్ల మాగ్నటైట్ గోళంలో దాదాపు 885 స్ఫటిక ఘటకాలు పడతాయి. వాటన్నిటి మిగులూ కలిపితే ఆ ఒక్క రేణువు ఒక ఎలక్ట్రాన్ అయస్కాంతానికి ఇంచుమించు 28 వేల రెట్ల అయస్కాంతం.

ఇంకా చిన్నదైతే అసలు విశేషం మొదలవుతుంది. రేణువు అయస్కాంత దిశ ఒక వైపు నుంచి ఎదురు వైపుకు తిరగాలంటే ఒక శక్తి గట్టు దాటాలి. ఆ గట్టు ఎత్తు రేణువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. చుట్టూ ఉన్న వేడి ఎప్పుడూ రేణువును కుదుపుతూనే ఉంటుంది. గట్టు పొట్టిదైతే ఆ కుదుపులకే దిశ తిరిగిపోతుంది. తిరగడానికి పట్టే సగటు కాలాన్ని 1949లో నీల్ లెక్కకట్టాడు. ఆ లెక్కలో గట్టు ఎత్తుకూ వేడి శక్తికీ ఉన్న నిష్పత్తి e అనే సంఖ్యకు ఘాతంగా కూర్చుంటుంది. మాస్టారి "ఎంత?"కు ఇక్కడ జవాబు చెబుతాను, పిల్లలు ఇంటికి వెళ్లి కాలిక్యులేటర్‌తో సరిచూసుకోండి. దాన్ని గుణించే ప్రారంభ కాలాన్ని సెకనులో వందకోట్లో వంతుగా తీసుకోండి. నిష్పత్తి 25 అయితే రేణువు తన దిశను సగటున 72 సెకన్లు నిలుపుకుంటుంది. నిష్పత్తి 50 అయితే దాదాపు లక్షా అరవై వేల సంవత్సరాలు నిలుపుకుంటుంది. నిష్పత్తి రెట్టింపు కావాలంటే ఘనపరిమాణం రెట్టింపయితే చాలు, అంటే వ్యాసం 26 శాతం పెరిగితే చాలు. పాతిక నానోమీటర్ల రేణువుకీ ముప్పై ఒకటిన్నర నానోమీటర్ల రేణువుకీ మధ్య, ఒక నిమిషానికీ మానవజాతి చరిత్రంత కాలానికీ ఉన్న తేడా పడుతుంది. పదార్థం అదే, రంగు అదే, రసాయన సూత్రం అదే.

దిశ నిలవని ఈ స్థితిని 1959లో బీన్, లివింగ్‌స్టన్ సూపర్‌పారా అయస్కాంతత్వం అన్నారు. క్షేత్రం పెడితే రేణువులన్నీ గట్టిగా స్పందిస్తాయి, తీసేస్తే ఏ జ్ఞాపకమూ మిగలదు. డిగ్రీ ల్యాబులో కూడా దీన్ని చూపవచ్చు. రెండు రకాల ఇనుప క్లోరైడ్లను రెండుకు ఒకటి పాళ్లలో నీళ్లలో కలిపి అమ్మోనియా పోస్తే క్షణాల్లో నల్లబడుతుంది. అది పది నానోమీటర్ల దరిదాపు మాగ్నటైట్. సీసా పక్కన అయస్కాంతం పెడితే నలుపంతా ఆ గోడకు చేరి మిగతా నీరు తేటపడుతుంది. అయస్కాంతం తీసి కుదిపితే మళ్లీ అంతా నలుపే, గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. మోతాదు తక్కువ, కళ్లకు అద్దాలు, చేతికి గ్లౌజులు, గాలి ఆడే గది, ఇవి లేకుండా మాత్రం చేయకండి.

ఇక్కడ కొలత కాలం గురించి ఒక ముఖ్యమైన మాట. వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నటోమీటర్ ఒక్కో బిందువును కొలవడానికి సెకన్ల నుంచి నిమిషాలు తీసుకుంటుంది. మోస్‌బవర్ పద్ధతి చూసేది సెకనులో పదికోట్లో వంతు కాలం. అదే రేణువు మొదటి యంత్రానికి నిలకడ లేనిదిగానూ, రెండోదానికి నిలకడైన అయస్కాంతంగానూ కనిపించవచ్చు. రెండు కొలతలూ నిజాలే. అందుకే ఎంత సేపు చూశారో చెప్పమంటున్నాను.

రేణువు చిన్నదయ్యేకొద్దీ రెండో మార్పు కూడా వస్తుంది. పలాస జీడిపిక్కను తలచుకోండి. పిక్క ఎంత చిన్నదైతే అందులో పెంకు వాటా అంత ఎక్కువ. ఒక మైక్రాన్ మాగ్నటైట్ గింజలో పైపొర, అంటే ఒక్క స్ఫటిక ఘటకం మందం, అర శాతం మాత్రమే. పది నానోమీటర్ల రేణువులో అదే పొర 40 శాతం. ఐదు నానోమీటర్లకు వస్తే దాదాపు 70 శాతం. ఉపరితలం మీది అయాన్లకు ఒక వైపు పొరుగువారు ఉండరు. దాంతో వాటి దిశలు లోపలివాటితో కలవక వంకర పోతాయి. మాగ్నటైట్ ఆక్సీకరణం చెందితే వచ్చే మాఘెమైట్ సూక్ష్మ రేణువుల్లో ఇది జరుగుతుందని 1971లో మైకేల్ కోయ్ చూపించాడు. నానో రేణువుల సంతృప్త అయస్కాంతత్వం, అంటే బలమైన క్షేత్రంలో అవి చేరగల గరిష్ఠ అయస్కాంతత్వం, తరచు పెద్ద ముక్కల కంటే తక్కువగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

కానీ ఉపరితలం ఎప్పుడూ తగ్గిస్తుందనుకోకండి. లోపలి లెక్క రద్దయిపోయే చోట ఉపరితలమే మిగులును పుట్టిస్తుంది. నికెల్ ఆక్సైడ్‌లో ఎదురెదురు స్పిన్లు పూర్తిగా సరిపోయి నికర అయస్కాంతత్వం ఉండదు. రేణువు చిన్నదైతే ఇరువైపుల లెక్కా సరిగ్గా సమం కాదు, కొంత మిగులుతుంది. ఈ సంగతీ నీలే 1961లో చెప్పాడు. ఇక శుద్ధ లోహాలకు వస్తే, 1994లో బిల్లాస్, షాటెలాన్, డి హీర్ ఇనుము, కోబాల్టు, నికెల్ సమూహాలను ఒక్కొక్క పరిమాణంలో కొలిచారు. మామూలు ఇనుములో ఒక్కో పరమాణువు వాటా 2.2 బోర్ మాగ్నటాన్లు (బోర్ మాగ్నటాన్ అంటే ఒక ఎలక్ట్రాన్ అయస్కాంతమంత). ముప్పైకి తక్కువ పరమాణువుల గుంపులో అది 3 దాకా వెళ్లింది. అంతకు ముందు ఏడాది రోడియం సమూహాల్లోనూ అయస్కాంతత్వం కనబడింది. పెద్ద ముక్కగా ఉన్న రోడియం అయస్కాంతం కానే కాదు.

లోహమూ దాని ఆక్సైడూ ఒకే రేణువులో కలిస్తే ఏమవుతుందో 1956లో మైకిల్‌జాన్, బీన్ చూశారు. వాళ్లు తీసుకున్నది సుమారు 20 నానోమీటర్ల కోబాల్టు రేణువులను. గాలి తగిలి వాటి మీద కోబాల్టు ఆక్సైడ్ పొర ఏర్పడి ఉంది. వాటిని క్షేత్రంలో ఉంచి ద్రవ నైట్రోజన్ చలిలోకి తీసుకెళ్తే, క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ గీసే హిస్టరిసిస్ వలయం మధ్యలో ఉండాల్సింది ఒక పక్కకు జరిగిపోయింది. ఆక్సైడ్ పొర లోపలి లోహాన్ని ఒక దిక్కుకు పట్టి ఉంచిందన్నమాట. ఈ సూత్రం తర్వాత కంప్యూటర్ హార్డ్‌డిస్కుల రీడ్ హెడ్‌లలోకి వెళ్లింది. తుప్పు అని తీసిపారేసే పొర ఒక పరిశ్రమకు పనిముట్టయింది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చెప్పకపోతే మాస్టారు ఒప్పుకోరు. 2004లో హాఫ్నియం ఆక్సైడ్ పలుచని పొరలు గది ఉష్ణోగ్రత దగ్గరే అయస్కాంతాలని ఒక ప్రసిద్ధ పత్రికలో వచ్చింది. అందులో అయస్కాంత లోహమే లేదు గనుక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మరుసటి ఏడాది ఇంకో బృందం అదే ప్రయోగం చేసి చూస్తే శుభ్రమైన నమూనాలో ఏమీ కనబడలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు పటకారుతో పట్టుకున్న నమూనాలో మాత్రం సరిగ్గా అలాంటి సంకేతం వచ్చింది. 2006లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో సుందరేశన్, సి.ఎన్.ఆర్. రావు గార్ల బృందం జింక్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటివాటి నానో రేణువులన్నిటిలో స్వల్ప అయస్కాంతత్వం ఉందని ప్రకటించింది. ఉపరితలంలో ఆక్సిజన్ ఖాళీలు దానికి కారణమని వాళ్ల అభిప్రాయం. దాని చుట్టూ చర్చ ఏళ్ల తరబడి నడిచింది. నా నిర్ణయం ఇది: సంకేతం అంత స్వల్పమైనప్పుడు, నమూనా ఉంచే ఖాళీ గొట్టాన్నీ, వాడిన పటకారునూ, కొన్న రసాయనంలోని మలినాన్నీ విడిగా కొలిచి చూపించనివారి మాట నమ్మనక్కర్లేదు.

ఇదంతా మన జిల్లాలకు ఎందుకు? శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కోసం. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. దానికి కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నానో రేణువు దాన్ని నయం చేస్తుందని నేను అనను, ఎవరైనా అంటే వినకండి. కానీ కిడ్నీ రోగికి ఒక చిక్కుంది. ఎంఆర్ఐలో బొమ్మ స్పష్టం కావడానికి ఇచ్చే గడోలినియం మందుల్లో కొన్ని, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి చర్మాన్నీ కీళ్లనూ బిగదీసే తీవ్రమైన జబ్బు తెస్తాయని 2006 నుంచి తెలుసు. అదే రోగికి రక్తహీనతా ఉంటుంది. ఫెరుమోక్సిటాల్ అనే మందు, పిండిపదార్థపు పూత ఉన్న ఇనుప ఆక్సైడ్ నానో రేణువు. కిడ్నీ రోగుల రక్తహీనతకు 2009లో అమెరికాలో అనుమతి పొందింది. అది సూపర్‌పారా అయస్కాంతం గనుక కొన్ని ఆసుపత్రుల్లో వైద్యులు దాన్ని ఎంఆర్ఐకి కూడా వాడుతున్నారు. బొమ్మ తీయడానికి తోడ్పడ్డ ఇనుమే తర్వాత ఒంటికి పనికొస్తుంది. తీవ్రమైన ఎలర్జీ వచ్చే ప్రమాదం ఉందని 2015లో దాని మీద గట్టి హెచ్చరిక పెట్టారు, దాన్నీ చెప్పి తీరాలి. ఇక మన జేకబ్‌సైట్ సూత్రమే ఉన్న మాంగనీసు ఫెర్రైట్ నానో రేణువులు, అదే పరిమాణంలోని ఇతర ఫెర్రైట్ల కంటే ఎంఆర్ఐలో మెరుగైన సంకేతం ఇచ్చాయని 2007లో కొరియా శాస్త్రవేత్తలు చూపారు. గరివిడి భూమిలో కోట్ల ఏళ్లుగా ఉన్న రసాయనం, పరిమాణం మారితే వైద్యుడి చేతికి రాగలదన్నమాట.

చివరిగా, ఈ సభలో ఉన్న అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు నా విన్నపాలు కొన్ని. ఆకు రసంతో నానో రేణువులు చేసి వ్యాసం రాయడం ఇప్పుడు మన కళాశాలల్లో విరివిగా జరుగుతోంది. చేయండి, తప్పులేదు. కానీ మాగ్నటైట్‌కూ మాఘెమైట్‌కూ ఎక్స్‌రే బొమ్మలు ఇంచుమించు ఒకలాగే ఉంటాయి, చిన్న రేణువులు గాలికి ఆక్సీకరణం చెంది ఒకటి రెండోదిగా మారిపోతాయి. ఎక్స్‌రే గీత ఒక్కటి చూసి పేరు పెట్టకండి. సగటు పరిమాణంతో పాటు పరిమాణాల వ్యాప్తి కూడా ఇవ్వండి, ఎందుకంటే 26 శాతం తేడా ఎంత పని చేస్తుందో ఇందాక చూశాం. ఖాళీ నమూనా కొలత లేకుండా వ్యాసం పంపకండి. యంత్రం లేదని ఆగకండి, ఇండోర్‌లోని యూజీసీ–డీఏఈ కేంద్రం లాంటివి విశ్వవిద్యాలయాల పరిశోధకులకు సదుపాయం ఇస్తాయి.

మరో విన్నపం ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి, విజయనగరంలోని జేఎన్టీయూ గురజాడకు, మన డిగ్రీ కళాశాలలకు. కోడూరు, గర్భాం, గరివిడి పాత గనుల గోతులు ఏటికేడు నీరు నిండి పూడిపోతున్నాయి. వ్రెడెన్‌బర్గైట్ నమూనాలు ఇప్పుడే సేకరించి, ఏ గొయ్యి, ఏ లోతు, ఏ తేదీ అన్నది చీటీ మీద రాసి భద్రపరచండి. ఆ రాయిని వేర్వేరు పరిమాణాలకు నూరి, వేర్వేరు వేడిమిలో కాల్చి చల్లార్చి, ఒక్కో మెట్టులో అయస్కాంతత్వం కొలవండి. ఇందుకు కావలసిన ముడిసరుకు మన కాళ్ల కింద ఉంది, ప్రశ్న మాస్టారు ఎప్పుడో ఇచ్చిపోయారు. ఆ పని వచ్చే విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టాలని, ఈ నిధిలో కొంత సొమ్ము ప్రతి ఏటా ఒక డిగ్రీ విద్యార్థి కొలతలకు కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.